ఛాయాచిత్రములు - జ్ఞాపకశక్తి

గడచిన శీతకాలమున మా పాఠశాల ఏడవ, ఎనిమిదవ తరగతుల విద్యార్థులను విజయపురమునకు విహారయాత్రగా తీసికొనిపోయితిమి. 2014వ సంవత్సరము వరకు బీజాపూరు అను పేరుతో వ్యవహరింపబడిన ఆ పట్టణము మన షోలాపూరునకు నూరు కిలోమీటర్ల దాపున నున్నది. తెల్లవారుజామున బయలుదేరినచో రాత్రి భోజనమునకు ఇల్లు చేరవచ్చును. యాత్రకు ముందు తల్లిదండ్రులు కొందరు వచ్చి "సార్, పిల్లగానికి ఫోన్ ఇచ్చి పంపమంటరా?" అని మమ్మడిగిరి. మేము వలదనలేదు. ఎవరైన త్రోవ తప్పినచో పనికివచ్చునని మాత్రమే తలంచితిమి. పిల్లలలో సగము మందికి పైగా ఫోనులు తెచ్చిరి.

అచ్చట ముఖ్యముగా చూడవలసినది గోల్ గుంబజ్. అది 1627 మొదలు 1656 వరకు రాజ్యమేలిన మహమ్మదు ఆదిల్ షా సమాధి. దాని గుమ్మటము వెలుపలి వ్యాసము సుమారు 44 మీటర్లు. మూలలయందున్న ఏడంతస్తుల బురుజులలోని యిరుకు మెట్లెక్కి పైకి పోయినచో, గుమ్మటము లోపలి అంచున చుట్టును ఒక వసారా కలదు. ఆ వసారాలో ఒక ప్రక్క గోడకు నోరు చేర్చి గుసగుసలాడిన మాట, ఎదుటి ప్రక్కన గోడకు చెవి యొగ్గినవారికి దగ్గరగా కూర్చుండి చెప్పినట్లు వినబడును. ఒక్కసారి చప్పట్లు కొట్టినచో ఆ చప్పుడు పలుమారులు మారుమ్రోగి తిరిగివచ్చును. ఆ కట్టడమును చూచుటకన్న వినుటకే పోవలెనని మా అభిప్రాయము.

తిరుగు ప్రయాణమున బస్సులో ఏ వరుసను చూచినను పిల్లలు తలలు వంచుకొని తాము తీసిన ఫోటోలను ఒకరికొకరు చూపుకొనుచుండిరి. ఒక్కొక్క ఫోనులో రెండువందలు, మూడువందలు. అది చూచి మాకు సంతోషమే కలిగినది.

మరునాడు తరగతిలో "నేను చూచిన విజయపురము" అను శీర్షికతో వ్యాసము వ్రాయుడని చెప్పితిమి. (శీర్షిక పెట్టుటలోనే మేము కొంత పొరపడితిమని తరువాత తోచినది. 'చూచిన' అంటిమి గాని 'విన్న' అనలేదు.) ఒక విద్యార్థి లేచి, "సార్, ఫోటోలన్ని ఫోన్ల ఉన్నయి. ఇంటికి పోయి చూసి రాస్తా సార్" అనెను. నిన్నటి సంగతి చెప్పుటకు ఫోను చూడవలసిన అవసరమేమి అని అడుగగా, వాడు నిజముగనే తికమకపడెను. వాని మాటలో దురుద్దేశమేమియు లేదు. బీరువాలో దాచిన వస్తువును తెచ్చుటకు తాళపుచెవి అడిగినంత సహజముగా అడిగెను.

వ్యాసములన్నియు దిద్దితిమి. ఫోటోలు తీసిన పిల్లలు కట్టడము ఆకారమును, బురుజులను, ముందున్న తోటను చక్కగా వర్ణించిరి. కాని పై వసారాలో ఏమి జరిగినదో వ్రాసినవారు బహుకొద్దిమంది. మార్గదర్శకుడు చెప్పిన కథ యొక్కటియు ఎవరి కాగితములోను లేదు. ఇంటిలో ఇచ్చి పంపుటకు ఫోను లేని ఒక బాలిక మాత్రము రెండు పుటలు వ్రాసినది. ఎదుటి ప్రక్కనుండి తన స్నేహితురాలు "నీ డబ్బాల ఏం తెచ్చినవే?" అని గోడలో నుండి అడిగినదట. తాను జవాబు చెప్పులోపల ఎవరిదో పసిబిడ్డ ఏడ్వగా ఆ యేడుపు గుమ్మటము చుట్టును తిరిగినదట. తల్లి బిడ్డను ఊరుకోబెట్టిన పిదపను ఇంకను ఏడ్చుచున్నట్లే ఉండెనట. అయితే బురుజులు నాలుగా ఆరా అన్నది ఆమెకు తెలియలేదు. ఆరు అని వ్రాసినది. ఫోటోలు తీసినవారు నాలుగని సరిగా వ్రాసిరి.

ఒక్క కాగితమును చూచి సిద్ధాంతము కట్టరాదు. ఆ బాలిక స్వభావముచేతనే మాటలను మక్కువగా వినునది. అయినను ఈ విషయమై పండితులేమి కనుగొనిరో తెలిసికొనవలెనను కుతూహలము మాకు కలిగినది. చదివినదానిలో తల్లిదండ్రులకు పనికివచ్చు భాగమును ఇచ్చట చెప్పుచున్నాము.

అమెరికాలోని ఫెయిర్‌ఫీల్డ్ విశ్వవిద్యాలయమునకు చెందిన లిండా హెంకెల్ అను మనశ్శాస్త్రవేత్త ఒక పరిశోధన చేసి 2014లో ప్రకటించినది. ఆమె విద్యార్థులను ఆ విశ్వవిద్యాలయపు కళాప్రదర్శనశాలకు తీసికొనిపోయి, చిత్రములు, శిల్పములు, మట్టిపాత్రలు మొదలగువానిలో కొన్నింటిని ఫోటో తీయుమనియు, కొన్నింటిని ఊరక చూడుమనియు చెప్పెను. మరునాడు పరీక్షింపగా, ఊరక చూచిన వస్తువులకన్న ఫోటో తీసిన వస్తువులే తక్కువగా జ్ఞాపకమున్నవి. వాని వివరములును తక్కువగనే జ్ఞాపకమున్నవి. కన్ను, కెమెరా రెండును చూచిన వస్తువు ఎక్కువగా నిలువవలెనని మన కనిపించును గదా! జరిగినది దానికి విరుద్ధము.

కాని ఆ పరిశోధనలోనే మరియొక భాగము కలదు. వస్తువు నంతటిని గాక, దానిలో ఒక చిన్న భాగమును దగ్గరకు తెచ్చి ఫోటో తీయుమని చెప్పినపుడు ఈ నష్టము కలుగలేదు. ఆ చిన్న భాగమే గాక, వస్తువులోని మిగిలిన భాగములును మనస్సున నిలిచినవి. దీనిని చదివినపుడు మాకు విజయపురమున జరిగిన మరియొక సంగతి జ్ఞప్తికి వచ్చినది. అచ్చట కోట బురుజుపై మాలిక్-ఎ-మైదాన్ అను గొప్ప ఫిరంగి కలదు. 1549లో అహమ్మదునగరమున పోతపోయబడినది. దాని మూతి సింహపు నోటివలె నుండును. ఆ కోరల నడుమ ఒక యేనుగు నలుగుచున్నట్లు చూపబడినది. పిల్లలందరును ఫిరంగి ప్రక్క నిలువబడి, నవ్వి, ఫోటో తీసికొని దిగిపోయిరి. ఒక కుర్రవాడు మాత్రము ఆ చిన్న యేనుగును ఒక్కదానినే తీయవలెనని పట్టుపట్టి, నీడ పడుచున్నదని ఇటును అటును తిరిగి, బస్సుకు ఆలస్యము చేసి మా చేత చీవాట్లు తినెను. ఫిరంగిని గూర్చి మంచి వర్ణన వ్రాసినది వాడొక్కడే. దానిమీద చెక్కిన అక్షరములనుగూడ వాడు మరువలేదు. ఆనాడు వానిని కోపగించుకొనుట మా పొరపాటు.

ఇట్లెందుకు జరుగుచున్నది? మొదట తోచు సమాధానము సులభమైనది. సరకుల చీటీ వ్రాసి జేబులో వేసికొన్నవాడు సరకుల పేర్లను మనస్సున మోయడు. అట్లే కెమెరా గుర్తుంచుకొనునను నమ్మకమున మనస్సు ఆ బరువును దించివేయుచున్నదని కొందరి తలంపు. అయితే కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాంటాక్రజ్ శాఖలో జూలియా సోరెస్, బెంజమిన్ స్టార్మ్ అను వారు దీనిని మరియొక విధముగా పరీక్షించి 2018లో ప్రకటించిరి. తీసిన ఫోటో మిగులదని, చెరిగిపోవునని ముందే తెలిసినవారికిని మరపు అట్లే కలిగినది. చీటీని చింపివేయుదుమని తెలిసియు సరకుల పేర్లు మరచిపోయినట్లయినది గదా! కావున బరువు దించుట యొక్కటే కారణము కాదు. ఫోటో తీయు ఆ క్షణములలో మనస్సు ఎదుటి వస్తువునుండి జారి మరియొకదాని మీదికి, అనగా ఫోను పట్టుట మీదికి, వెలుతురు మీదికి, బటను మీదికి పోవుచున్నదని వారి అభిప్రాయము.

ఇది మన తెలుగువారికి క్రొత్త సంగతి కాదు. మనస్సును ఒకచోట నిలుపుటకు మనము పెట్టుకొన్న పేరు అవధానము. అష్టావధానములో ఎనమండుగురు పృచ్ఛకులు ఎనిమిది వైపులనుండి అడుగుచుందురు. కాగితము, కలము అవధానికి లేవు. సమస్యను పూరించుచు, దత్తపదిని కూర్చుచు, అప్రస్తుతప్రసంగము చేయువానికి నవ్వుచు జవాబిచ్చుచు, ఇన్నిటి నడుమ ఒకరు మ్రోగించిన గంటలెన్నియో లెక్కపెట్టి చెప్పవలెను. చివరకు పద్యములన్నిటిని ధారణ చేసి అప్పగింపవలెను. తిరుపతి వేంకటకవులు ఊరూరను ఇట్టి సభలు చేసి దేశమంతట పేరొందిరి. ధారణ యనునది వేరుగా ఒక శక్తియని చూచువా రనుకొందురు. కాని విన్నక్షణమున అవధానము లేనివానికి ధారణకు మిగులున దేమియుండును? గంట మ్రోగునపుడు చెవి అచ్చట లేనిచో తరువాత లెక్క యెక్కడిది?

గంట మాట వచ్చినది గనుక మరియొక పరిశోధనను చెప్పవలసియున్నది. మా వ్యాసముల గుట్టు విప్పినది ఇదియే. అలిక్సాండ్రా బరాష్, క్రిస్టిన్ డీల్, జాకీ సిల్వర్‌మన్, గాల్ జాబర్‌మన్ అను నలుగురు 2017లో దీనిని ప్రకటించిరి. వారు ప్రదర్శనశాలలో కొందరికి కెమెరాలిచ్చి, తమ కిష్టమైనవానిని ఫోటో తీసికొనుడనిరి; మరికొందరికి కెమెరాలు ఇయ్యలేదు. అందరికిని వస్తువులను గూర్చి చెప్పు మాటలు చెవిలో వినిపించుచునే యుండెను. తరువాత పరీక్షింపగా, కెమెరా యున్నవారు కంటితో చూచినదానిని ఎక్కువగా గుర్తించిరి. చెవితో విన్నదానిని తక్కువగా గుర్తించిరి. తీసిన ఫోటోలను వారికి మరల చూపకున్నను ఇట్లే జరిగినది. విచిత్ర మేమనగా, చేతిలో కెమెరా లేక మనస్సులోనే ఫోటో తీసినట్లు భావించుకొన్నవారియందును ఇదే మార్పు కనబడినది.

హెంకెల్ చెప్పినదానికి ఇది విరుద్ధముగా నున్నదని చదువరులు శంకింపవచ్చును. ఒకరు ఫోటోవలన చూపు జ్ఞాపకము తగ్గినదనిరి, మరియొకరు పెరిగినదనిరి. భేద మెచ్చట నున్నదనగా, మొదటిదానిలో దేనిని తీయవలెనో ఉపాధ్యాయుడు చెప్పినట్లు చెప్పబడినది. రెండవదానిలో తీయువాడు తానే వెదకి యెంచుకొనెను. ఎంచుకొనవలె ననిన చూడవలెను. ఆ కుర్రవాడు ఏనుగును వెదకినట్లు వెదకవలెను. కాని వెదకుచున్నంతసేపు కన్ను చెవి వాటాను గూడ తినివేయుచున్నది. గోల్ గుంబజ్ లో మన పిల్లలకు జరిగిన నష్టమిదియే. చెవితో తెలియదగిన చోటికి కన్నులు పట్టుకొని పోయిరి.

నలుబది యేండ్లు దాటిన తల్లిదండ్రులకు పూర్వపు కెమెరాల సంగతి గుర్తుండును. పెద్ద రీలులో చదరపు ఫోటోలు పండ్రెండే వచ్చునవి. చిన్న రీలులో ముప్పదియారు. ఒక్కొక్కదానికి డబ్బు పోయవలెను, కడిగించుటకు మరల డబ్బు. కావున పెండ్లియందైన, తిరుపతి ప్రయాణమునందైన, బటను నొక్కుటకు ముందు ఇంటిల్లిపాదియు కూడి ఏది తీయవలె, ఎవరు ముందు నిలువవలె, బాబాయి యెక్కడ అని పెద్ద చర్చ చేసెడివారు. ఆ చర్చయే సగము జ్ఞాపకము. నేడు ఖర్చు లేదు గనుక చర్చయు లేదు. పేదరికమును మెచ్చుకొనుట మా ఉద్దేశము కాదు. ఇంటిలో తాతగారి ఫోటో ఒక్కటైనను లేక, ఆయన ముఖమెట్లుండెనో చెప్పలేని కుటుంబములు మన నేతవారిలో ఎన్నియో కలవు. వారికి ఈ ఫోను ఒక వరము. దానిని మేము కాదనము.

ఫోటో మరపు కలిగించుట యొక్కటే గాక, లేని జ్ఞాపకమును గూడ పుట్టింపగలదు. మా కార్యాలయము గోడమీద వెనుకటి తరగతుల సామూహిక ఛాయాచిత్రములు వ్రేలాడుచున్నవి. మనుమని చేర్పించుటకు వచ్చిన ఒక పెద్దమనిషి, మా పూర్వ విద్యార్థియే, వానిలో నొకదానిని చూచి కన్నులు చెమర్ప, రెండవ వరుసలో మూడవ బాలుని మీద వ్రేలుంచి, "గీడున్నది నేనే సార్. గా దినం నా అంగీకి గుండీ లేకుంటె పంతులు తన పిన్నీసు ఇచ్చిండు" అనెను. పటమును దింపి వెనుక చూచితిమి. పేర్ల పట్టికలో ఆ స్థానమున మరియొకరి పేరున్నది. ఆయన పేరు ఆ పటములోనే లేదు. ఆయన చదివినది తరువాతి సంవత్సరము. మేము ఆ మాట ఆయనకు చెప్పలేదు. పిన్నీసు సంగతి నిజమే కావచ్చును. అది మరియొకనాటి సంగతియై యుండవచ్చును. ఫోటోను చూడగానే వచ్చి దానికి అతుకుకొనియుండవచ్చును.

ఇట్లు అతుకుకొనుట అబద్ధమాడుట కాదు. కెనడాలోని విక్టోరియా విశ్వవిద్యాలయమున స్టీఫెన్ లిండ్సే, ఆయన సహచరులు 2004లో ప్రకటించిన పరిశోధన దీనినే చూపుచున్నది. కళాశాల విద్యార్థులకు వారి చిన్ననాటి బడి సంగతులు మూడు చెప్పి జ్ఞప్తికి తెచ్చుకొనుడనిరి. రెండు సంగతులు వారి తల్లిదండ్రులు చెప్పిన నిజమైనవి. మూడవది కల్పన: ఒకటవ రెండవ తరగతుల నాడు స్నేహితునితో కూడి ఉపాధ్యాయిని బల్ల సొరుగులో జిగట బొమ్మపదార్థమును పెట్టితిరని. కొందరికి మాత్రము ఆ తరగతి సామూహిక ఛాయాచిత్రమును ఇచ్చిరి. ఆ పటములో సొరుగు లేదు, జిగటయు లేదు. వరుసగా నిలిచిన పిల్లలు, ఉపాధ్యాయిని మాత్రమే. అయినను పటము చేతనున్నవారిలో చాల ఎక్కువమంది ఆ జరుగని పనిని జ్ఞప్తికి 'తెచ్చుకొనిరి'. ఫోటో నిజమైనదే గదా, దానిని చూచి వచ్చిన తలపు కూడ నిజమై యుండునని మనస్సు మోసపోవుచున్నది. మనస్సు సంగతులను పెట్టెలో దాచినట్లు దాచదు. తీసిన ప్రతిసారి క్రొత్తగా నేయును. బార్ట్‌లెట్ అను ఆంగ్ల మనశ్శాస్త్రవేత్త 1932లో ప్రకటించిన గ్రంథమున చెప్పిన దాని సారమిదియే. నేయుట యనగా మన ఊరివారికి విప్పి చెప్పనక్కరలేదు. ఫోటో పడుగు మాత్రమే. పేక మనమే వేయుచున్నాము.

అయినచో పిల్లల మనస్సున సంగతులు నిలుచుటకు ఏమి చేయవలెను? దీనికి జవాబు కెమెరాలో గాక మాటలో దొరకినది. ఎలెయిన్ రీస్, కేథరిన్ హేడెన్, రోబిన్ ఫివుష్ అను ముగ్గురు తల్లులను, పిల్లలను చాలకాలము గమనించి 1993లో తమ ఫలితములను ప్రకటించిరి. పిల్లలకు మూడేండ్లు దాటినది మొదలు ఆరేండ్ల దాపు వరకు, జరిగిపోయిన సంగతులను గూర్చి తల్లి బిడ్డలు ఎట్లు మాట్లాడుకొనుచున్నారో మరల మరల చూచిరి. కొందరు తల్లులు "ఎక్కడికి పోయితిమి? చెప్పు, ఎక్కడికి పోయితిమి?" అని పరీక్షాధికారివలె ఒకే ప్రశ్నను త్రిప్పి త్రిప్పి అడిగెడివారు. మరికొందరు బిడ్డ చెప్పిన ముక్కను అందుకొని, దానికి తామొక వివరము చేర్చి, "అటుపైని ఏమైనది? నీకేమనిపించినది?" అని ముందుకు నడిపెడివారు. ఈ రెండవ విధపు తల్లుల బిడ్డలు కాలము గడచినకొలది జరిగినదానిని హెచ్చుగా, నిండుగా చెప్పగలిగిరి. దీనికి తల్లి చదువరి కానక్కరలేదు. బీడీలు చుట్టుచు, అన్నము కలిపి పెట్టుచు అడుగవచ్చును.

ఫోటోలు ఈ పనికి బాగుగనే ఉపకరించును. అయితే ఇంటిలో మనము చేయునదేమి? బొటనవ్రేలితో ఒకదాని తరువాత నొకటి త్రోసివేయుచు, రెండువందల ఫోటోలను రెండు నిమిషములలో ముగించి, "బాగున్నయి" అనుచున్నాము. అట్లు గాక, ఒక్క ఫోటోను నిలిపి, దానిలో కనబడని దానిని అడిగి చూడుడు. అప్పుడేమి వినబడుచుండెను? ఎండయా, చలియా? ప్రక్కవా డేమనెను? ఈ ఫోటో తీసిన దెవరు? తీసినవాడు ఏ ఫోటోలోను ఉండడు. అనేక కుటుంబములలో పిల్లవాని బాల్యమంతటి ఫోటోలయందును తండ్రి కానరాకుండుటకు కారణమిదియే.

ఇంతవరకు చెప్పినది ఏ ఊరివారికైనను వర్తించును. మనకు మాత్రమే వర్తించున దొకటి చెప్పవలసియున్నది.

మన పిల్లలకు వీథిలో మరాఠీ. సినిమాలో, ఫోనులో హిందీ. తెలుగు ఇంటిలోను, మా నాలుగు గోడలలోను మాత్రమే. మన పూర్వులు తెలంగాణమునుండి మగ్గములు పట్టుకొని ఇచ్చటికి వచ్చి తరములు గడచినవి. ఇన్ని తరములును ఈ భాష ఇచ్చట నిలిచినది ప్రధానముగా చెవిమీద. దుకాణముల పలకలమీద, కార్యాలయముల కాగితములమీద దానికి చోటు స్వల్పము. పిల్లల చెవి తగ్గినచో ముందుగా తగ్గునది తెలుగే.

క్రిందటి యేడు తొమ్మిదవ తరగతివారికి "మా యింటి పెద్దలు" అను విషయమిచ్చి, ఇంటిలో కనుగొని వచ్చి తరగతిలో చెప్పుడంటిమి. ఒక బాలిక నాయనమ్మ అంతకుముందు వానకాలమున కాలము చేసినది. ఆమె పెంచిన పిల్ల. తండ్రి ఫోను తెచ్చి చూపినది. నాయనమ్మ వాకిట కూర్చున్నవి, మార్కండేయస్వామి రథోత్సవమున నిలుచున్నవి, పండుగనాడు క్రొత్త చీరతో, ఆసుపత్రిలో మంచముమీద, ఎన్నియో ఫోటోలు. "మీ నాయనమ్మ పాటలు పాడేదా?" అని అడిగితిమి. "మస్తు పాడుతుండె సార్. బతుకమ్మ పాటలు, మగ్గం పాటలు." ఒకటి చెప్పుమంటిమి. పిల్ల నోరు తెరచినది. రాలేదు. మరల ఫోనును చూచినది, ఆ ఫోటోలలో ఎచ్చటనో ఉండునన్నట్లు. "యాదికి వస్తలేదు సార్" అని తల వంచుకొన్నది.

సాయంత్రము బిడ్డను తీసికొనిపోవుటకు వచ్చిన తండ్రి సంగతి విని వాకిలి కడనే నిలిచిపోయెను. మరమగ్గముల కార్ఖానాలో పనిచేయువాడు. ఆ చప్పుడులో చెవులు కొంత దిబ్బడ వేసినవని ముందొకమారు చెప్పియున్నాడు. అవ్వ పాట తనకు వచ్చునని మెల్లగా ఎత్తుకొనెను. రెండు చరణములు పాడెను. మూడవదానికి పోయి ఆగెను. మొదటినుండి మరల ఎత్తుకొని మరల అచ్చటనే ఆగెను. "అవ్వ బతికున్నప్పుడు రోజు వింటనే ఉంటి సార్. నేర్చుకోవాలన్నది మనసుకు రాలేదు" అనెను. ఇంటిలో మూడేండ్లుగా మంచి ఫోను కలదు. దానిలో మాటను పట్టు సాధనము కూడ నున్నది. ఫోటోలు తీసినవారిలో ఒక్కరును దానిని నొక్కలేదు. ఇది వారి తప్పని మేమనము. మా యింటిలోను అట్లే జరిగినది.

ఆ దినమునుండి మేము పాఠశాలలో కొన్ని మార్పులు చేసితిమి. తరగతిలో నల్లబల్లను ఫోటో తీసికొనిపోవుట మాన్పించితిమి, చేతితో వ్రాసికొనవలసినదే. వచ్చు యాత్రయందు పిల్లలు మొదట వట్టిచేతులతో లోపలికి పోయి, అరగంట చూచి, విని, ఆ తరువాత ఫోను తీసికొని తలకు మూడు ఫోటోలు మాత్రము తీయుదురు. ఆ మూడింటిని ఎందుకు తీసిరో వ్రాయుదురు. మూడు చాలవని పిల్లలు అప్పుడే మాతో బేరమాడుచున్నారు. ఐదు వరకు ఒప్పుకొనవచ్చునేమో.

వార్షికోత్సవమును గూర్చి తల్లిదండ్రులకు ఒక మనవి. రంగస్థలముమీద నిలిచిన మాకు సభ ఎట్లు కనబడునో మీరు చూచియుండరు. పిల్ల ఆడుచు పాడుచు తన తల్లి ముఖముకొరకు వెదకును. కనబడునది ముఖము కాదు. ఎత్తిన చేయి, దానిలో వెలుగుచున్న చిన్న పలక. ఈ యేడు ఇద్దరు ఉపాధ్యాయులు కార్యక్రమమంతయు ఫోటోలు తీయుదురు. కోరినవారికి కార్యాలయమున ఉచితముగా ఇచ్చెదము. మీ బిడ్డ వంతు వచ్చినపుడైనను ఫోనును జేబులో నుంచుడు. పద్యము మధ్యలో తడబడినచో మీ ముఖమును చూచి నిలదొక్కుకొనును.

తొమ్మిదవ తరగతి పిల్లలు ఇప్పుడు ఇంటింటికి తిరిగి పెద్దల నోట పాటలను, మగ్గపు మాటలను సేకరించుచున్నారు. ఫోనులో పట్టుటకు అనుమతించితిమి గాని, ఆ సాయంత్రమే దానిని వినకుండ జ్ఞప్తినుండి వ్రాయవలెనని, తరువాతనే విని దిద్దుకొనవలెనని నియమము పెట్టితిమి. నాడె, అచ్చు, కండె అను మాటలు కొందరికి వచ్చినవి. కొందరికి బొత్తిగా క్రొత్తవి. ఆ బాలిక తండ్రి మొన్న తన మేనత్తను అడిగి మూడవ చరణమును వ్రాయించుకొని వచ్చి ఇచ్చెను. అటుపైని ఇంకను రెండు చరణము లుండవలెనని ఆ మేనత్త చెప్పినదట, ఆమెకును అవి జ్ఞప్తిలో లేవట. పిల్ల వ్రాసిన కాగితము కార్యాలయములో నున్నది. తెలిసిన తల్లులు, నాయనమ్మలు ఎవరైన ఉన్నచో ఆదివారము తప్ప ఏ దినమైనను సాయంత్రము ఐదుగంటలలోపల వచ్చి చూడగోరుచున్నాము.